గాజు కడిగే పని

చిత్తూరు బజారు వీధిలో స్టూడియో మూసేసినప్పుడు
అందులో గాజు పలకలన్నీ తూకానికి కొనుక్కొచ్చినాడు
తిరుపతిలో మా పటాల అంగడి దొరైకన్ను మొదలియారు.
నాలుగు చెక్కపెట్టెలు, వరిగడ్డి మధ్యన.
నాకప్పుడు పన్నెండేండ్లు.
నా పని
వేణ్ణీళ్ళలో చాకలిసోడా కలిపి
మనుషుల్ని నానబెట్టడం.

కాసేపటికి పొర వదిలేది
పాల మీద మీగడ మాదిరి.
బ్లేడుతో ఒక మూల లేపితే
పెండ్లికొడుకు తలపాగాతో సహా వచ్చేసేవాడు.
తాలూకా కచేరీ గుమాస్తాలు పదహారుమంది
ఒకే చుట్టగా చుట్టుకొని
తూములో పడి పోయినారొక మంగళవారం.
శుభ్రమైన గాజును కొలతకు కోసి
సామి పటానికి బిగించేవాళ్ళం.
కొండ దిగి వచ్చిన జనం
బేరమాడి, పాత పేపర్లో చుట్టించుకొని
రైలెక్కేవాళ్ళు.

కడిగే ముందర ఒక్కొక్కటీ ఎండకు పట్టి చూసేవాణ్ణి.
"రేయ్, వాళ్ళేమన్నా నీ మేనమామలా?"
మొదలియారు గల్లాపెట్టె కాణ్ణించి అరిచేవాడు.
అందులో లోకం తిరగబడి ఉండేది.
నల్లటి పండ్లు. తెల్లటి కనుపాపలు.
చంకలో బిడ్డకు కూడా నెరిసిన జుట్టు.

ఒక పలకలో తల్లి ముఖం చెదిరిపోయింది,
ఒళ్ళో బిడ్డ మాత్రం
రెప్పవెంట్రుకలతో సహా స్పష్టం.
ఎంత బుద్ధిగా కూర్చుందో అనుకున్నాను.
ఎందుకు కదల్లేదో
నాకు బిడ్డలు పుట్టినాకగానీ తట్టలేదు.
అది కూడా కడిగినాను.

మూడో పెట్టెలో దొరికింది,
అలిపిరి కాడ డోలీ.
డోలీలో ఏ ఊరి దొరసానో,
బేసరిలో రాళ్ళు లెక్కపెట్టొచ్చు.
బోయీలు నలుగురు.
ముందరి ఇద్దరికీ కండ్లున్న చోట పొగ.
వెనకాల ఒకడికి మూడు మోకాళ్ళు.
నాలుగోవాడు భుజం దాకా మనిషి,
ఆపైన మబ్బు.

కదలొద్దని చెప్పుంటాడు ఫోటో ఆయన
నల్లగుడ్డ లోపలినించి.
కూర్చున్నామె కదల్లేదు.
మోసేవాళ్ళు గాలి పీల్చుకున్నారు.
అంతే జరిగింది.

దాన్ని చొక్కా కింద దోపుకొని
ఇంటికి ఎత్తుకుపోయినాను.
అంచు కోసిన గీత
ఇప్పటికీ ఉంది కడుపు మీద.
జేజి బుడ్డిదీపానికి అడ్డం పెట్టి చూసింది.
ముఖాల జోలికే పోలేదు.
వేలితో భుజాలు తడిమింది,
ఒకటి, రెండు, మూడు.
"మీ అబ్బకి కుడి భుజాన కాయ కాసింటాది,
నిమ్మకాయంత.
రేత్రిపూట ఆముదం పెట్టి రుద్దేదాన్ని.
మొగం మరిసిపోయినా నాయనా,
అది మరిసిపోలా."
నాలుగో భుజం కాడ వేలు ఆగింది.
కాయో, గాజులో బుడగో.
నేనడగలేదు, ఆమె చెప్పలేదు.
పలకను పాతచీరలో చుట్టి
బియ్యం కుండలోకి దించింది.

మొన్న నా మనవడి స్నేహితుడెవరో వచ్చి
దీన్ని కాగితం మీదికి ఎక్కిస్తానన్నాడు.
నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా
అంతా సరిగ్గా వచ్చేస్తుందట.
అంటే ఆ మబ్బు చీకటైపోతుంది కదప్పా.
వద్దన్నాను. కాఫీ తాగి పోయినాడు.

మిగిలినవన్నీ కడిగినాను,
నాలుగు పెట్టెలకు ఒక్కటి తక్కువ.
ఏ ఊళ్ళోనో, ఎవరింటి దేవుడి గూట్లోనో
కర్పూరం మసి పట్టిన అద్దాన్ని
మీరు తడిగుడ్డతో తుడుస్తా ఉన్నప్పుడు
సామి నామం పక్కన
ఒక గుమాస్తా చెవి లీలగా కనపడితే
జడుసుకోవద్దండి.
ఆ పలక నేను సరిగ్గా కడగలేదు.
సోడాకి చేతులు పొక్కినాయి ఆ పొద్దు.