పేరుకి గడువు

ముప్పై రెండేళ్లు రేకుల మీద పేర్లు రాశాను.
పట్నంబజారులో, నల్లచెరువు రోడ్డులో.
ఎండకి వెలిసినవి ఉన్నాయి, వానకి కారినవి ఉన్నాయి,
రాత్రికి రాత్రి గోడమీది పేరుని
ఎవడో ఎత్తుకుపోయాడని మాత్రం వినలేదు,
మస్తాన్‌బీ వచ్చి చెప్పేదాకా.

సంగడిగుంటలో ఆమెది కారం మిల్లు.
మొగుడు యార్డులో టిక్కీలు మోసి మోసి
నడుం పడిపోయాక,
తొడిమలు తీసిన కూలి డబ్బులు కూడబెట్టి
తన పేరుతోనే పెట్టుకుంది.
మొదటి బోర్డు నేనే రాశాను.
ఎరుపు అక్షరం, అడుగున పసుపు నీడ,
'బీ' గుడిదీర్ఘాన్ని మిరపకాయలా వంచాను.
డబ్బులు తర్వాత ఇస్తా ఏసన్నా, అంది.
ఇచ్చింది. పైన కిలో కారం కూడా.

తర్వాత ఆమె మేనల్లుడు ఖాజా
ఆ పేరునే నెట్‌లో పెట్టాడు.
అక్కడ గోడ ఎవరిదిరా, అనడిగాను.
ఎవరిదీ కాదు బాబాయ్, ఏడాదికింతని కట్టాలి,
అద్దె లాంటిది, అన్నాడు.
సొంత పేరుకి అద్దేంట్రా అని నవ్వాను.
నవ్వాల్సింది కాదు.

ఆమె ఫోన్‌కి రోజూ ఏవో వచ్చేవి.
లాటరీ తగిలిందని,
ఈ రాత్రికి కరెంటు పీకేస్తామని,
మీ పార్సిల్లో ఏదో దొరికింది, పోలీసులమని.
ఒకసారి నలభై వేలు పోయాయి.
ఆ దెబ్బతో అన్నీ చెరిపేయడం నేర్చుకుంది.
ఓటీపీ చెప్పమంటే
"మీ అమ్మనడుగు" అనేది.
అంత గట్టి మనిషి.

గడువు తీరుతోంది, పేరు నిలుపుకోండి
అని నిజమైనది వచ్చిన రోజున కూడా
కారం అంటిన అదే వేలితో
అదే విసురుతో చెరిపేసింది.
మూడుసార్లు వచ్చిందట.
మూడూ దొంగల్లాగే కనిపించాయట.
నిజం మరి ఏ బట్టలు కట్టుకుని రావాలో
నాకైతే తెలియదు.

ఏ ఊరివాడో, ఎవడో,
గడువు దాటాక కాచుక్కూర్చుని కొనేశాడు.
ఆమె ఫొటో, ఆమె మిల్లు,
నేను వంచిన మిరపకాయతో సహా అన్నీ అలాగే ఉంచాడు.
డబ్బులు పోయే దారి ఒక్కటే మార్చాడు.

అది ఆవకాయల కాలం.
తణుకు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.
ముక్కలు కొట్టి, తుడిచి, ఆరబెట్టి కూర్చున్నాం,
కారమేదమ్మా, పదిరోజులైంది డబ్బు కట్టి,
ముక్క మెత్తబడిపోతోంది, అంటూ
తిట్టబోయి ఏడ్చింది.
నేను తీసుకోలేదమ్మా అని
మస్తాన్‌బీ అల్లా మీద ఒట్టేసింది.
ఆ రాత్రే బస్సులో
ఐదు కిలోల తేజ కారం పంపింది.
ఎందుకొదినా, నువ్వు తిన్నది కాదుగా, అన్నాను.
"ఆమె కట్టింది నా పేరు చూసేగా" అంది.
అలాంటి ఫోన్లు ఇంకెన్నో లెక్క నాకు చెప్పలేదు.
మిల్లు పక్క బస్తాలు తగ్గడం మాత్రం చూశాను.

రెండు లక్షలిస్తే తిరిగిస్తానని
వాడే కబురు పెట్టాడు.
"నా పేరు నాకే అమ్ముతాడా" అని
జల్లెడ కింద పడేసి స్టేషన్‌కి నడిచింది.
అక్కడి కుర్ర ఎస్సై అంతా రాసుకున్నాడు.
కాగితం నడుస్తోంది. నడవనీ.

ఖాజా కొత్త పేరు కొన్నాడు,
చివర 'సంగడిగుంట' తగిలించి.
పదేళ్లకి ఒకేసారి కట్టాడు.
తాళం మీద తాళం వేశాడు,
ఒకటి వాడి ఫోన్లో, ఒకటి ఆమె ఫోన్లో.

నిన్న నన్ను పిలిచింది.
నెట్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా డబ్బాల మీద రాయమంది.
చుక్క దగ్గర చెయ్యి వణికితే
మళ్లీ తుడిచి రాయించింది.
తర్వాత మిల్లు గోడ చూపించి
పేరు కింద గడువు తారీకు కూడా వెయ్యి అంది.

కుంచె ఆగింది.
సమాధుల తోటలో తప్ప
పేరు కింద తారీకు నేనెప్పుడూ రాయలేదు.
చెప్పాను.

ఆమె తుమ్మింది. నేనూ తుమ్మాను.
మిల్లు తిరుగుతోంది మరి.
"పెద్దగా రాయన్నా,
నాకు కళ్లజోడు లేకపోయినా కనపడాలి" అంది.