డెబ్బై ఆకుల కట్ట

ఈ వేసవికి పరదేశం వెళ్తున్నానని అందరికీ చెప్పుకున్నాను.
పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు.
బస్సు ప్రాణహిత వంతెన దాటింది, అంతే.
దుకాణాల బోర్డుల మీద అక్షరాలన్నీ
దండేనికి ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నాయి.
సిరొంచ. నలభై ఆరు డిగ్రీలు.
సంచిలో ఎటూ కదలని నవల,
చదవాలని ఏళ్ళుగా మోస్తున్న పుస్తకాలు పదకొండు,
కాకినాడ ఆవకాయ సీసా ఒకటి.
దాని మూత వదులు.
మూడో పుస్తకం ఇప్పటికీ తెరిస్తే ఘాటు.

గది అద్దెకిచ్చిన ఎంకుబాయి
నా మొదటి వాక్యానికే నవ్వింది.
"నీ తెలుగు రేడియో లెక్కున్నది."

అచ్చయిన నా పుస్తకం ఒకటి ఇచ్చాను, కాస్త గొప్పగానే.
తలకిందులుగా పట్టుకుంది.
వాసన చూసింది.
"మంచిగున్నది" అని తిరిగిచ్చేసింది.
ఆమె బడి మరాఠీ, రేషన్ కార్డు మరాఠీ,
బర్రెను తిట్టడం, మనవరాలిని జోకొట్టడం తెలుగు.
నోటి నిండా ఉన్న భాష
కంటికి మాత్రం ఎన్నడూ ఎదురుపడలేదు.
"నువ్వే సదువు, నా చేతులు ఖాళీ లేవు" అంది.

ఆమె చింతచిగురు దూసేది. నేను చదివేదాన్ని.
మూడో అధ్యాయంలో, భర్త కబురు తెలిసిన పూట,
మా సుభాషిణి పప్పులో చింతపండు పులుసు పోసి
కిటికీలోంచి చూస్తూ నిలబడుతుంది.
ఎంకుబాయి చేయి ఆగింది.
"పప్పు ఉడకకముందే పులుసు పోసిందా?
ఇగ రేపటిదాంక ఉడకదది.
బాధ తర్వాత రాయి బిడ్డా, ముందు పొయ్యి చూడు."

నాలుగు ప్రతులు రాశాను.
ఇద్దరు సంపాదకులు చదివారు.
పప్పు ఉడకలేదని ఒక్కరూ గమనించలేదు.

ఆ రాత్రి ఆ పేరా కొట్టేశాను.
తెల్లవారుజామున, చెమటకు కాగితం అరచేతికి అంటుకుంటుండగా,
మళ్ళీ పెట్టాను:
ఆమె కావాలనే ముందు పోస్తుంది.
పప్పు ఉడకకూడదు,
ఎవరూ కంచాల ముందు కూర్చోకూడదు,
ఈ పూట ఇలాగే ఆగిపోవాలి.
చదివి వినిపిస్తే ఎంకుబాయి ఏమీ అనలేదు.
ఆ రోజు వంటలో ఉప్పు మరిచిపోయింది.

కరెంటు ఉన్న రాత్రి సినిమా.
తెర మీద మరాఠీ, పక్కన ఆమె తెలుగు,
మొర్రి పండ్ల గింజలు ఉమ్ముకుంటూ.
చివర్లో ఒక ముసలామె పడవెక్కింది.
"చెల్లెలింటికి పోతున్నది. వారముండి వస్తది."
మనవరాలు కస్తూరి దుప్పటిలోంచి తల ఎత్తింది:
"అబద్ధం. ఆమె చచ్చిపోయింది. అక్కడ చెప్పిన్రు గదా."
ఎంకుబాయి టీవీ కట్టేసింది.
"సచ్చుడు అందరికెర్కే.
మళ్ళ తెలుగుల గూడ జెప్పాల్నా?"

అంటే ఆ నెలంతా నేను చూసిన సినిమాల్లో
ఎవరు బతికారో, ఎవరు పోయారో
ఇప్పటికీ నాకు తెలియదు.

తునికాకు రోజులొచ్చాయి.
చీకటితోనే అడవికి పోయి,
పొద్దెక్కాక నీడన కూర్చుని కట్టలు కట్టేది.
ఏటి అవతల కట్టకు యాభై, ఇక్కడ డెబ్బై, అని చెప్పింది.
లెక్క పెదవుల మీద కాదు, బొటనవేట్లో ఉండేది.

వెళ్ళే రోజు నా రాతప్రతి అడిగి తీసుకుంది.
చదవడానికి కాదు.
ఆకు మీద ఆకు, బొటనవేలు తడి చేసుకోకుండానే,
అరవై ఎనిమిది.
"రెండు తక్కువున్నయి. గిట్లుంటే కల్లంల తీస్కోరు."
నా సంచిలోంచి తానే రెండు తెల్లకాగితాలు లాగి
అడుగున చేర్చి, మోదుగ నారతో బిగించింది.

"వీటిలో ఏం రాయను?" అన్నాను.

"నాకేమెర్క?" అంది, నాకోసం రొట్టెలు మూటగడుతూ.
"నాకు సదువు రాదాయె."