ఎడమది పని చెయ్యట్లేదు

జగదాంబ వెనక సందులో
ఫోన్ కవర్లు తోరణాల్లా వేలాడే కొట్లో
అజీమ్ అద్దం బల్ల మీద మూడు డబ్బాలు పరిచాడు.
ఎనిమిది వందలది. పన్నెండు వందలది.
రెండువేలకి ఒక్క రూపాయి తక్కువది.
ఆ ఒక్క రూపాయి ఎందుకు మిగులుస్తారో
పంతొమ్మిదేళ్లుగా జీతం లెక్కపెట్టుకుంటున్నా నాకు తెలీదు.

"విని చూసి తీసుకో మావా" అన్నాడు.
వినడానికి నా దగ్గర ఒకటే ఉంది:
నిరుడు కంచరపాలెంలో అమ్మవారి పండక్కి
ఫోన్లో పట్టుకున్న తప్పెటగుళ్లు, ఏడు నిమిషాలు.
మధ్యలో ఎవడిదో స్కూటర్ హారన్.

మొదటిది చెవిలో పెట్టగానే
ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో దీవించింది.
ఆ తర్వాత అంతా తప్పెటే.
అటక మీంచి బస్తాలు పడేసినట్టు దుమ్, దుమ్.
పద్నాలుగు మంది ఆడితే
ఒక్క కాలికీ గజ్జె లేదా?
ఎనిమిది వందలకి గజ్జెలు కూడా ఇస్తారేటి, అన్నాడు అజీమ్.

రెండోదాంట్లో గజ్జెలే గజ్జెలు,
రేకు డబ్బాలో చిల్లర పోసి ఊపినట్టు.
పాట చెప్పే గురువు గొంతు
గోడ అవతల్నించి వస్తోంది.
దీనికి బ్యాటరీ నలభై గంటలట,
చెమటకి పాడవదట.
ఆ మాట డబ్బా మీద రాసినవాడు
మే నెల్లో ఓడ అడుగు ట్యాంకులోకి దిగి ఉండడు.

వేలితో ఒకసారి తడితే పాట ఆగుతుందన్నాడు.
తట్టాను. ఆగలేదు.
గ్రైండరు పట్టి కాయ కాసిన వేలిని
అది మనిషి వేలని ఒప్పుకోలేదు.
అజీమ్ తట్టాడు. ఆగింది.

మూడోది.
దీంట్లో తప్పెటా ఉంది, గజ్జెలూ ఉన్నాయి,
చరణానికీ చరణానికీ నడుమ
గురువు ఊపిరి పీల్చుకోవడం ఉంది.
ఆ రోజు పక్కనే నిలబడి కూడా నేనది వినలేదు.
హారన్ మోగితే
కొట్లోనే ఒక అడుగు పక్కకి జరిగాను.

"బాగుంది గానీ, ఎడమది పని చెయ్యట్లేదు."
నిజానికి రెండోదాని ఎడమది కూడా.
మొదటిదాని ఎడమది కూడా.
చవక సరుకు కదాని ఊరుకున్నాను.

అజీమ్ ఆ ఎడమది తీసుకుని, చొక్కాకి తుడిచి
తన చెవిలో పెట్టుకున్నాడు.
తల ఊపాడు. ఊపుతూ ఊపుతూ ఆగాడు.
నా వైపు చూళ్లేదు.
రబ్బరు తొడుగుల్లో సైజులు వెతకడం మొదలెట్టాడు,
చిన్నవి, నడిమివి, పెద్దవి,
అవసరానికి మించి చాలాసేపు.

షిప్‌యార్డులో ప్లేటుకి ఇవతల నేను, అవతల కొర్లయ్య.
మొహామొహీ నిలబడి పంతొమ్మిదేళ్లు.
నా ఎడమ చెవీ వాడి కుడి చెవీ
ఒకే చప్పుడు తిన్నాయి.
బయటి మోతని ఆపే గుణం ఉందట ఈ మూడోదానికి,
అందుకే అంత ధర.
నాకు ఒకవైపు కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చేశారు.

కొర్లయ్య బయట బజ్జీల బండి దగ్గరున్నాడు.
పిలిచి, నూనె చేతులు కడిగించి,
ఎడమ చెవిలో ఎడమది పెట్టాం.
"ఓర్నాయినో, గజ్జెలన్నీ ఇటే ఉన్నాయి కదరా!"
ఇటు ఏటున్నాయో నేను చెప్పాను.
అలా ఏడు నిమిషాలూ ఒకడికొకడు అప్పజెప్పుకున్నాం.

"మోనో అని ఒకటుంది మావా,
రెండువైపులదీ ఒక చెవిలోనే పోస్తుంది, పెట్టమంటావా?"
తర్వాత చూద్దాంలే అన్నాను.

సగం సగం వేసుకున్నాం.
తొమ్మిదివందల తొంభైతొమ్మిదిన్నర.
ఆ అర్ధరూపాయి ఎవడిదో తేలలేదు.
సింధియా బస్సులో వాడు నాకు కుడివైపు కూర్చున్నాడు,
మిగిలిన రెండు చెవులూ పక్కపక్కన ఉండేట్టు.
డబ్బా ఎవరింట్లో చార్జింగు పెట్టాలన్నది మాత్రం
కాన్వెంట్ జంక్షన్ దాటినా
అరుచుకుంటూనే ఉన్నాం.