దిగేటప్పుడు తీస్కో

పొద్దుగాల నాలుగింటికే
మా నాయిన డ్యూటీ ఎక్కుతడు.
బాత్రూం కాడి నుంచి వంటింటి దాకా
గోడ పట్టుకొని నడుసుకుంట
లేని మనుషులను లోపలికి జరుపుతడు:
"ఎనుకకు జరగాలె, ఎనుకకు జరగాలె,
నడుమంత ఖాళీ ఉన్నది."

నిజమే, ఖాళీనే.
అమ్మ పోయి ఆరేండ్లు.
నేను, ఆయన, మా నడుమ ఫ్రిజ్ చప్పుడు.
స్వరూప అని నా పేరు రాసి
మతికుండాలని దాని మీద అంటించిన.
ఇప్పుడు ఫ్రిజ్‌నే పిలుస్తడు, స్వరూపా అని.

హన్మకొండ డిపో, కండక్టర్ ఓదెలు.
ముప్పై ఒక్క ఏండ్లు ఏటూరునాగారం రూటు.
చెకింగోళ్లు ఎక్కితే
బ్యాగు తీసి వాళ్ల ఒళ్లె పెట్టి
కిటికీల నుంచి చెట్లు చూసుకుంట నిలవడెటోడు.

డాక్టరు అడిగిండు:
వందల నుంచి ఏడు తీసేస్తే ఎంత, పెద్దాయనా?
"తొంబై మూడు.
చిల్లర లేదు. దిగేటప్పుడు తీస్కో."
ఆ పిల్ల డాక్టరు నవ్విండు. నేను గూడ నవ్విన.
ఇంకో ఏడు తీసేయమంటే
ఆయన మొఖంలకు సూటిగ చూసి
"ఒక్క టికెట్టే గద అడిగినవ్" అన్నడు.

రోగం పేరు చీటీ మీద రాసిచ్చిండ్రు.
నాకు మాత్రం అది
రూటు కురచయినట్టే కనబడ్డది.
మొదలు ఏటూరునాగారం పోయింది.
గోదారి ఒడ్డున నైటవుట్లు,
బస్సు టాపు మీద పండుకొని చూసిన చుక్కలు,
డ్రైవర్ యాకూబ్ వండిన చేపల పులుసు,
అన్నీ ఒక్క వానకాలంల పోయినయి.
ఆ ఎనుక తాడ్వాయి, అడివితోటి సహా.
పస్రా. గోవిందరావుపేట.
దసరా వరకు బస్సు ములుగు నుంచే మర్లుతున్నది.
కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకుతున్నదని
టీవీల చూపెడితే
"నాయినా, కటాక్షపూర్!" అని కేకేసిన.
"అది మన రూటు గాదమ్మా" అన్నడు,
తప్పు బస్సెక్కిన మనిషికి చెప్పినంత మర్యాదగ.

యాకూబ్ చచ్చిపోయిండని రెండుసార్లు చెప్పిన.
రెండుసార్లూ అప్పుడే విన్నట్టు ఏడ్చిండు.
మూడోసారి అడిగితే
చాయ్ తాగవోయిండన్న.
అప్పటి నుంచి మా ఇంట్ల
చానమంది చాయ్ తాగవోయిండ్రు.
అమ్మ గూడ.

ఒకసారి ఆయన బస్సులనే
మల్లంపల్లికి, అమ్మమ్మ ఇంటికి పోతున్నం.
నాకు పన్నెండు నిండి మూడు రోజులు.
అందరి ముందట నాకు ఫుల్ టికెట్ కొట్టి
తన జేబుల పైసలు తీసి బ్యాగుల ఏసిండు.
"మూడు రోజులకేం మునుగుతదయ్యా" అన్నది అమ్మ.
"ఎస్సార్ల మూడు రోజులకు గడి లేదు" అన్నడు.
మల్లంపల్లి దాకా నేను మాట్లాడలే.
కిటికీ సువ్వకు నుదురు ఆనించి
ఎదిగినందుకు ఏడ్చిన.

మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు
నా టిఫిను సంచి భుజానికేసుకొని
దివాను మీద కూసున్నడు.
పక్కన పోయి కూసున్న.
"ఏడికి?"
"మల్లంపల్లి."
మందుల షాపు బిల్లు నోటు లెక్క మడిచి ఇచ్చిన.
నాలుకకు వేలు తడి చేసుకొని
క్యాలెండర్ల ఒక కాయితం చింపబోయి
ఆగి, నన్ను కింది నుంచి మీదికి చూసిండు.
మోకాలికి పట్టీ, కండ్లద్దాలు,
చెంపల కాడ తెల్ల ఎంటికలు.

"ఆఫ్" అన్నడు.

లెక్క తప్పిండో,
లెక్కంత ఒక్కపారే మతికొచ్చిందో
అడగలే. అడిగితే
చెకింగ్ చేసినట్టయితదనిపించింది.

కాయితం ఎనుక పెన్సిలుతోటి ఏందో గీసిచ్చిండు.
అంకె గాదు, అచ్చరం గాదు.
నాకు రావాల్సిన చిల్లర.
పర్సుల పెట్టుకున్న.

"రైట్, రైట్" అన్నడు నాయిన,
చాయ్ తాగొచ్చిన యాకూబ్‌కు.
బండి కదిలిందేమో,
దివాను అంచు గట్టిగ పట్టుకున్నడు.
నేను గూడ పట్టుకున్న.