తక్‌పట్టి

అంటించుడే నా పని.
చదివి చెప్పుడు నా పని కాదు.
హన్మకొండ కోర్టుల అమీన్‌ని, ఇరవై ఆరేండ్ల నౌకరి.
జప్తు కాయితమైనా, ఇల్లు ఖాళీ చేయమన్న కాయితమైనా
నాలుగు మూలలకు మైదాపిండి లై రాసి
అరచేత్తో ఒక్క చరుపు చరిచి
ఫొటో తీస్కొని
తిరిగి చూడకుండ సైకిల్ మోటరెక్కుత.

ధర్మం దవాఖాన గేటుకు గూడ అట్లనే అంటించిన.
ఇంగ్లీషుల మూడు పేజీలు.
ట్రస్టోళ్ళు అమ్ముకుంటరట: నాలుగెకరాల పన్నెండు గుంటలు,
నూరు మంచాలు, ఎక్స్‌రే గది,
వెనుక రేకుల కిందున్న శవాల గదితో సహా.
ధర్మాదాయం ఆస్తి గనుక జడ్జి ఒప్పుకోవాలె,
ఎవలకన్న అభ్యంతరముంటే ముప్పై దినాలల్ల చెప్పాలె.
చీటీలైన్ల నిలబడ్డ ఒక బాలింత అడిగింది:
"అన్నా, డాక్టరమ్మ ఏ దినం రాదో రాసిండ్రా?"
నేను గేటు ఫొటో తీసిన.

ముప్పై దినాలల్ల ఆ కాయితాన్ని
ఎండ కొంత తిన్నది, లై వాసనకు మేక కొంత తిన్నది.

వాయిద నాడు జవాను సెలవుల ఉంటే
పిలుపు డ్యూటీ నాకు పడ్డది.
ట్రస్టు వకీలు మాటలు నున్నగ ఉన్నయి:
నష్టాలు, జీతాల బాకీ, ఉరిసే కప్పు,
కొనేది పెద్ద కంపెనీ, ఎనిమిదంతస్తులు లేపుతరు,
వచ్చిన పైసలతోటి ట్రస్టు ఇతర సేవలు చేస్తది.
"ఏ సేవలు?" అన్నడు జడ్జి.
వకీలు ఫైలు తిరగేసిండు.
"ధర కట్టింది ఎవరు?"
కొనేటోళ్ళ ఇంజనీరేనట.
కాసేపు ఫ్యాను చప్పుడొక్కటే.

మూడుసార్లు పిలిచినంక లేచింది
గీసుగొండ కొంగర ఎల్లవ్వ.
చేతిల సంచి, సంచిల ఇనుప తీగ,
తీగకు గుచ్చిన కాయితాలు.
"ఈమెకేం హక్కు?" వకీలు లేచిండు.
"మెంబరు కాదు, దాత కాదు,
శిలాఫలకం మీద పేరు లేదు."

లేదు, నిజమే.
ఎల్లవ్వ తీగను బల్ల మీద పెట్టింది.
అన్నీ తక్‌పట్టీలు.
మార్కెట్ల మిర్చి అమ్మి ఆయన తెచ్చినయి,
ఆయన పోయినంక పారెయ్య చెయ్యి రాలేదన్నది.
బస్తాలు పదకొండు. తరుగు ఇంత. హమాలి ఇంత.
దడువాయి కూలి ఇంత. దాని కింద, ప్రతి కాయితం మీద,
సిరా రంగు మారిన ఒకే మాట:
ధర్మం, బస్తాకు పది పైసలు.

"అడిగి కోసిండ్రా అయ్యా? అడగలే.
దవాఖాన కడుతున్నమని కోసిండ్రు.
కట్టిండ్రు, కాదన.
నా బిడ్డకు ఫిట్సొస్తె ఆన్నే బతికించిండ్రు.
కోసేటప్పుడు నేనెవరో ఎర్కనే గదా,
అమ్మేటప్పుడు ఎవరని అడుగుతాండ్రు."

జడ్జి అద్దాలు తీసి, పెట్టుకొని
ఒక్కో కాయితం లేపి చూసిండు.
తీగ తుప్పు ఆయన చూపుడు వేలికంటింది.
రుమాలుతోటి తుడిచిండు, పోలే.

తీర్పేం రాలే. మళ్ళ వాయిద.
ధర సర్కారు మనిషి కట్టాలె,
పేదోళ్ళ వైద్యం సంగతి కంపెనీ రాసియ్యాలె,
అప్పటిదాంక ఒక్క మంచం గూడ కదలొద్దు.
ఏమైతదో నాకెర్కలేదు.
కోర్టు గోడలు చూసినోణ్ణి,
వాయిదను గెలుపని చెప్ప.

తెల్లారి కొత్త కాయితం పట్టుకొని పోయిన.
మేకకందకుండ ఎత్తుల అంటించిన.
అంత ఎత్తుల ఎవలికీ చదవరాదు.
ఎట్లయినా ఇంగ్లీషే.
సైకిల్ మోటరు దాంక పోయి, తిరిగొచ్చి,
గేటు దిమ్మె ఎక్కి
చదివిన, మన మాటలల్ల.
చీటీలైను మొత్తం విన్నది.
కడుపునొప్పి పిలగాణ్ణి ఎత్తుకున్న ఒకాయన
బాగ ఆలోచించి అడిగిండు:
"మంచిదే గని అన్నా,
ఇయ్యాల డాక్టరమ్మ ఉన్నదా?"