ముందు పడేయడం

గుణుపురంలో మూతపడ్డ రైసుమిల్లు.
తవుడు వాసన ఇంకా గోడల్ని వదల్లేదు.
బిసోయి మేడం నా చేతికిచ్చింది ఇనుము కాదు,
బోరు వేయగా మిగిలిన నీళ్ల గొట్టం ముక్క.

"చేతులు బాగా ఎడంగా పట్టు.
తల మీదికి ఎత్తు. మోచేతులు మడవకు.
పైకప్పు కుంగుతోందనుకో, ఆపేది నువ్వే."
ఎత్తాను.
"ఇప్పుడు తళకు," అంది, ఒడియాలో కిందికని.
సగం దిగానో లేదో
మడమలు లేచాయి,
గొట్టం ముందుకు తూలింది, దాని వెంట నేనూ.

పద్నాలుగేళ్లు టికెట్ల కౌంటరు కుర్చీలో
కూర్చుని కూర్చుని
కూర్చోవడం మరిచిపోయాను.

మేడం నవ్వలేదు.
"సంతకెళ్లు. ఏమీ కొనకు.
చీలమండలు చూసి రా."

కొండ దిగొచ్చిన సవర ఆడాళ్లు
చింతపండు కుప్పల వెనక గొంతుక్కూర్చున్నారు,
అరికాళ్లు నేలకి అతికినట్టు,
మోకాళ్లు ఎడంగా, వెన్ను నిటారుగా,
పొద్దున్నించి మిట్టమధ్యాహ్నం దాకా.
ఒకామె నా చూపు పసిగట్టి
తూకం మీద అనుమానమనుకుని
ఇంకో గుప్పెడు వేసింది.
కొనక తప్పలేదు.

ఆ వారం నుంచి మడమల కింద చెక్క.
నెల తిరిగేసరికి ఇంకా పల్చటి చెక్క.
పెరట్లో గొట్టంతో దిగుతూ లేస్తుంటే
తవిటమ్మ పిన్ని గోడ మీంచి తొంగి చూసి
"ఏటే, గాల్లో ఏటి మోస్తన్నావు?" అంది.
నలభై ఏళ్లు నెత్తిన మోసిన మనిషి.
నెత్తికి తగలని బరువుంటుందని
ఆవిడకెలా చెప్పను?

నాలుగో నెల్లో కడ్డీ వచ్చింది.
"ఇవాళ కూర్చోవద్దు. పడేయడం నేర్చుకో.
ముందుకు తూలితే ముందుకే తోసెయ్, నువ్వు వెనక్కి.
వెనక్కి పోతే వదిలేసి ముందుకు గెంతు.
ఆపబోయావా, భుజం పోతుంది."

ముందూ వెనకా ఊక బస్తాలు పరిచారు.
ఎత్తాను. వదల్లేకపోయాను.
రెండోసారీ అంతే. మూడోసారి వేళ్లు తెల్లబడ్డాయి.
జారిన బిందెకీ పగిలిన గాజుగ్లాసుకీ
చీవాట్లు తిన్న చేతులివి.
పట్టుకోవడం ఒక్కటే వీటికి వచ్చు.

"ఛాడిదే!" అని అరిచింది మేడం.

వదిలాను.
ధబ్బుమని బస్తా పిగిలి
ఊక లేచింది, దూలం మీది పావురాలు లేచాయి.
ఎవరూ ఏమీ అనలేదు.
మేడం టీ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది,
అంతే.

ఇంకో పదిసార్లు పడేశాను,
అవసరం లేకపోయినా.

ఆ తర్వాతే కూర్చున్నాను.
ఊపిరి బిగబట్టి, మెల్లగా, మడమలు నేల మీదే.
ఎదురుగా గోడకి
ఏనాటి కళాసీయో సుద్దతో గీసుకున్న బస్తాల లెక్క,
అయిదేసి గీతలు, ఆఖర్న మూడే.
ఆ మూడో గీత మీద చూపు ఆన్చి
లేచాను.