మామూలు అరుగుదల

మిట్టూరులో ఆ ఇంట్లో ఉన్నది ఆరేండ్ల నాలుగు నెలలు.
బాడుగ ఏ నెలా అయిదో తేదీ దాటలేదు.
ఇప్పుడు ఖాళీ గదుల్లో
చెంగల్రాయులు సారు చెప్పుల్లేకుండా నడుస్తా
గోడల్ని చదువుతా ఉండాడు.

మేకు గుంతలు పదకొండు.
నేను కొట్టింది తొమ్మిదే.
రెండు, నాకు ముందున్నోళ్ల దేవుడి పటాలవి.
వాళ్ల దేవుళ్ల బరువు కూడా
నా లెక్కలోనే రాసుకున్నాడు.

వంటింటి స్విచ్చి చుట్టూ పసుప్పచ్చ మరక.
అది పసుపు కాదు సార్, మామిడి గుజ్జు.
మే, జూను, జూలై ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
ఎంత సబ్బు రుద్దినా గోళ్ల సందుల్లో తోతాపురి.
తెల్లారుజామున ఇంటికొచ్చి
చీకట్లో ముందు తడిమేది దాన్నే కదా.
ఆరు సీజన్ల చెయ్యి అది.
"సున్నానికి తొమ్మిది వేలు" అన్నాడు.

అడ్వాన్సు యాభై వేలు.
కమ్మలు కుదువబెట్టి ఇరవై,
నష్టానికి పాడుకున్న చీటీ ముప్పై.
పేపర్లో చుట్టి ఇచ్చినప్పుడు
ఆయన లెక్క కూడా పెట్టలేదు, అంత నమ్మకం.

కోర్టు వీధిలో దొరస్వామి,
టైపు మిషను పోయి కంప్యూటరొచ్చినా
అదే కుర్చీలో ఉండే మనిషి,
నా అగ్రిమెంటుని వెలుతురుకు పట్టి చదివినాడు:
"ఇల్లు ఖాళీ చేసి బీగములు అప్పగించిన దినముననే,
మామూలు అరుగుదల గాక వేరే నష్టములుండిన
అంతవరకే తగ్గించి,
సదరు అడ్వాన్సును రెండవ పార్టీ వారికి
రొక్కముగా చెల్లించవలెను."
రెండవ పార్టీ అంటే నేనే, ధనకోటిని.
"చూసినావా మే," అన్నాడు,
"ఈ దుడ్లు ఆయనవి కావు. ఆయన దగ్గరుండేవి.
దాచిపెట్టమనిచ్చిన చెంబులో
ఎవురూ పాయసం వండుకోకూడదు."

మామూలు అరుగుదల.
ఆ రెండు మాటల్ని దోవంతా నమల్తా వచ్చినాను.
మనిషి బతికితే గోడ అరుగుతాది, అది తప్పు కాదని
స్టాంపు పేపరుకు ఎవురు చెప్పినారో.
మా అత్త నడుం పట్టుకోని లేచేటప్పుడు
చెయ్యి ఆనించిన చోట గోడ నున్నబడింది.
గోడకైతే కాగితం ఉంది.
ఆమె నడుముకు ఎవురు రాసిస్తారు?

నాలుగోసారి పోయి కాగితం చూపిస్తే
సారు కోప్పళ్లేదు. మెట్టు మీద కూలబడినాడు.
"నీ దుడ్లు నీకు ముందున్నోళ్లకిచ్చినా.
వాళ్లవి వాళ్లకు ముందున్నోళ్లకి.
కొత్తోళ్లొస్తే నీవి.
చక్కెర ఫ్యాక్టరీ మూసేసినాక
నా బాకీ కోసరం నేనూ చూస్తానే ఉండా."
అప్పుడు తెలిసింది,
ఆ ఇంట్లో యాభై వేలు ఎప్పుడూ లేవు.
వరసలో నిలబడుకోని
ఒకరి వీపు ఒకరు చూస్తా ఉండే మనుషులు, అంతే.

ఆదివారం ఇల్లు చూడను రిహానా వచ్చింది, చంకలో బిడ్డ.
"నువ్వే చూపిచ్చు, నీకే మంచిది" అని
బీగం చెవి నా చేతికిచ్చి సారు గేటు కాడే నిలబడినాడు.
బాత్రూం పైకప్పు కారతాదని నాకు తెలుసు.
చెప్పకుంటే నా దుడ్లు రేపే వస్తాయి.
"నీళ్లు బాగొస్తాయా అక్కా?"
"బాగొస్తాయి" అన్నాను.
నోరు ఆడితో ఊరుకోలేదు.
"వానొస్తే పైనుంచి గూడా వస్తాయి."
ఆ యమ్మ నవ్వింది. నేను నవ్వలేదు.
"ఫోన్లో ఫోటోలు తీసుకో. మూల మూలా తియ్యి.
ఈ మరక తియ్యి. మేకు గుంతలు పదకొండూ తియ్యి.
రసీదు లేకుండా రూపాయి ఇయ్యొద్దు.
సున్నం ఎవురిదో ఇప్పుడే రాయించుకో."
ఒక ఫోటోలో నా చెయ్యి పడింది,
స్విచ్చి పక్కన, దాని మరక మీదే.

రిహానా మళ్లీ రాలేదు.
ఇంతవరకు నాకందింది పద్దెనిమిది వేలు, మూడు విడతల్లో.
దొరస్వామి రాసిన నోటీసు సంచిలోనే ఉంది.
రేపు రిజిస్టరు పోస్టులో వేస్తా.
తపాలాఫీసుకు పొయ్యే దోవలోనే ఆ ఇల్లు.
గేటుకు కట్టిన టులెట్ బోర్డు
ఎండకు వెలిసి, వానకు వంగింది.
దాని సున్నానికి
ఎవురూ ఎవుర్నీ దుడ్లడగరు.